పాఠకుల ప్రశ్నలు: రీలోడ్ చేసినా కనెక్షన్లు ఎందుకు తెగుతున్నాయి?

ప్రశ్న: మాదాపూర్‌లోని ఒక చిన్న సంస్థలో సర్వర్లు చూసుకుంటాను. ఫీజు చెల్లింపుల సైట్ ముందు, వచ్చే కనెక్షన్లను వెనుక సర్వర్లకు పంచే హెచ్‌ఏప్రాక్సీ 1.7 నడుస్తోంది. అర్ధరాత్రి దాకా ఆగి రీస్టార్ట్ చేస్తే చాలా కనెక్షన్లు పోతున్నాయి, రీలోడ్ చేసినా ఒకటీ అరా తెగుతూనే ఉన్నాయి. దీనికి మార్గం ఏమిటి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రీస్టార్ట్‌లో పాత ప్రాసెస్ పూర్తిగా ఆగాకే కొత్తది మొదలవుతుంది కనుక, ఏ వేళకు చేసినా చెల్లింపు మధ్యలో ఉన్నవారి కనెక్షన్ తెగక తప్పదు. అర్ధరాత్రి చేస్తే తిట్టేవాళ్లు తగ్గుతారు, అంతే. రీలోడ్‌లో కొత్త ప్రాసెస్ సిద్ధమయ్యాక పాతది కొత్త కనెక్షన్లు తీసుకోవడం మానేసి, తన చేతిలో ఉన్నవాటిని ముగించుకుని తప్పుకుంటుంది.

అయినా మీకు కనెక్షన్లు తెగడానికి కారణం ఆ రెండు ప్రాసెస్‌ల మధ్యనున్న క్షణకాలంలోనే ఉంది. లినక్స్ 3.9 నుంచి ఒకే పోర్టుపై రెండు ప్రాసెస్‌లు చెరొక సాకెట్ (కనెక్షన్లు అందుకునే ద్వారం) తెరవవచ్చు. అప్పుడు కెర్నల్ (లినక్స్ మూలభాగం) కొత్త కనెక్షన్లను రెండు సాకెట్ల క్యూలకూ పంచుతుంది. హ్యాండ్‌షేక్ (కనెక్షన్ కుదుర్చుకునే తొలి పలకరింపు) పూర్తయినా పాత ప్రాసెస్ ఇంకా అందుకోని కనెక్షన్లు, అది తన సాకెట్ మూసిన వెంటనే రీసెట్ అవుతాయి. క్యూలో మనుషులు ఉండగానే ఒక కౌంటర్ షట్టర్ దించేసినట్టన్నమాట.

2017 నవంబరులో వచ్చిన 1.8 వెర్షన్ దీనికి సరైన పరిష్కారం చూపింది. అందులో కొత్త ప్రాసెస్ వేరే సాకెట్ తెరవదు, పాతదాని సాకెట్‌నే యునిక్స్ సాకెట్ (ఒకే యంత్రంలోని ప్రాసెస్‌లు మాట్లాడుకునే దారి) ద్వారా అందుకుంటుంది. క్యూ ఒక్కటే కనుక అందులో ఉన్నవారు ఎవరూ పోరు. ఇందుకు మాస్టర్-వర్కర్ పద్ధతిలో (ఒక మాస్టర్ ప్రాసెస్ మిగతావాటిని నడిపించేలా) నడుపుతూ, కాన్ఫిగరేషన్‌లోని స్టాట్స్ సాకెట్ వరుసలో ‘ఎక్స్‌పోజ్-ఎఫ్‌డీ లిజనర్స్’ చేర్చాలి. మీరు ఎటూ 1.7ను వదలవలసినవారే కనుక నేరుగా ఇప్పటి ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉండే) వెర్షన్‌కు వెళ్లడమే మేలు.

వెబ్‌సాకెట్ వంటి దీర్ఘకాల కనెక్షన్లు ఉంటే పాత ప్రాసెస్‌లు గంటల తరబడి పోకుండా, రీలోడ్ చేసిన ప్రతిసారీ ఒకటి చొప్పున పేరుకుని మెమరీ తింటాయి. ‘హార్డ్-స్టాప్-ఆఫ్టర్’తో వాటికి గడువు పెట్టండి, ఆ గడువు మీ అతి పొడవైన చెల్లింపు లావాదేవీకి పట్టే సమయం కన్నా ఎక్కువ ఉండాలి.

మార్చాక టెస్ట్ సర్వర్‌పై వేరే యంత్రం నుంచి ఎడతెగకుండా కనెక్షన్లు తెరుస్తూ, మధ్యలో పదే పదే రీలోడ్ చేసి చూడండి. ఆ పరీక్షలో కీప్-అలైవ్ ఆపేయండి. లేకపోతే పాత కనెక్షన్లే మళ్లీ మళ్లీ వాడుకోవడం వల్ల అసలు లోపం బయటపడదు.