జవాబు: లెగ్‌స్పిన్ తిరగడం లేదని మానేయాలా?

పర్లాకిమిడి మిత్రులకు నమస్కారం. పదమూడేళ్ల మీ అబ్బాయి లెగ్‌స్పిన్ (మణికట్టుతో తిప్పి వేసే బంతి) మ్యాటింగ్‌పై, అంటే పిచ్ మీద పరిచే చాపపై, తిరుగుతున్నా మట్టి పిచ్‌పై నేరుగా పోతోందని, మీడియం పేస్‌కు మారమని కోచ్ అంటున్నారని రాశారు. నా మాట వింటే మార్చకండి. భారత బౌలర్ అనిల్ కుంబ్లే ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా, చిన్నతనంలో వేసిన మీడియం పేస్ వదిలి లెగ్‌స్పిన్‌కు వచ్చి, బంతి పెద్దగా తిరగదన్న విమర్శ వింటూనే 132 టెస్టుల్లో 619 వికెట్లు తీశారు. 1999 ఫిబ్రవరిలో ఢిల్లీలో పాకిస్తాన్‌పై ఒకే ఇన్నింగ్స్‌లో 74 పరుగులిచ్చి పది వికెట్లూ ఆయనే పడగొట్టారు. బౌన్సు, వేగంలో మార్పు, గురి తప్పని లెంగ్త్ (బంతి పిచ్‌పై పడే దూరం) ఆయన ఆయుధాలు.

అయితే కుంబ్లే వేగాన్ని ఈ వయసులో అనుకరించనివ్వకుండా, ముందు బంతిని గట్టిగా తిప్పడం నేర్పించండి. చూపుడు, మధ్య వేళ్లు సీమ్‌కు (బంతి కుట్టుకు) అడ్డంగా ఉండాలి. వదిలేటప్పుడు తిప్పే బలం మడిచిన ఉంగరపు వేలి నుంచి రావాలి. పాత బంతికి సీమ్‌కు ఒక పక్కంతా సున్నం పూసి వేయించండి. గాలిలో తెలుపూ ఎరుపూ విడివిడిగా కనిపిస్తే సీమ్ నిలకడగా తిరుగుతున్నట్టు, కలిసిపోతే వణుకుతున్నట్టు. (రాయగడలో మేము చాక్‌పీసు రాసేవాళ్లం, రెండు ఓవర్లకే చెరిగిపోయేది.) భుజం నొప్పి అంటే మాత్రం ఆ పూటకు ఆపేయండి.