పోలో జీటీనా, బెలెనో ఆర్‌ఎస్సా?

తమ్ముడూ, సెకండ్ హ్యాండ్ కారు కొనాలని 2015 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ ఒకటి, 2018 మారుతి బెలెనో ఆర్‌ఎస్ ఒకటి చూశానన్నావు. రోజూ ఒంగోలు నుంచి కావలికి తిరగాలి, జేబు మరీ పెద్దది కాదన్నావు. నేనైతే ఆర్‌ఎస్సే తీసుకుంటా.

పోలో నడుపుతుంటే వచ్చే మజా వేరు, కాదనను. కానీ దాని ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ది డ్రై క్లచ్, చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. ఊళ్లో ట్రాఫిక్‌లో పాకించి పాకించి నడిపిన బండయితే ఆ రిపేరు నీ మీదే పడుతుంది. ఆర్‌ఎస్‌ది 1.0 లీటర్ టర్బో, 102 పీఎస్ పవర్, మాన్యువల్ గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. ఓవర్‌టేక్‌కి ఇబ్బంది ఉండదు. ఆర్‌ఎస్ తయారీ 2020లో ఆపేశారు కాబట్టి టర్బో సామాను దొరుకుతుందో లేదో ముందే కనుక్కో.

ఏది కొన్నా లిఫ్ట్ ఎక్కించి కింద చూడు. సముద్రం పక్కన మైపాడు వైపు నేనొక బండి చూశా, పైన అద్దంలా మెరుస్తోంది. కింద తాళంచెవితో గీకితే తుప్పు పెచ్చులుగా రాలింది. ఉప్పుగాలి మరి!

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి స్టార్ట్ చేయించు. నువ్వెళ్లేసరికే వేడెక్కించి పెట్టారంటే, స్టార్టింగ్ ఇబ్బంది దాస్తున్నారేమోనని నాకైతే అనుమానమే. ఆర్‌సీలో ఫైనాన్స్ (బండి మీద అప్పు) ఉంటే, అప్పిచ్చినవాళ్లు అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ చేతికొచ్చాకే డబ్బులివ్వు.