రిజర్వ్‌లో బ్రాంచ్ మారాలంటే ముందు వెతకాల్సింది ఖాళీ స్లాట్

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: డాలస్‌లో క్లౌడ్ సెక్యూరిటీ ఉద్యోగం, యూఎస్ ఆర్మీ రిజర్వ్‌లో క్వార్టర్‌మాస్టర్ ఫస్ట్ లెఫ్టినెంట్, నెలకో వీకెండ్ వెళ్ళి ఇంధనం, రేషన్ లెక్కలు చూసి రావడం, వారమంతా చేసే పనికీ దానికీ పొంతన లేదు, కాబట్టి సైబర్ బ్రాంచ్‌కి (ఆర్మీలో ఆ పని చూసే విభాగానికి) గానీ, కమ్యూనికేషన్లు చూసే సిగ్నల్‌కి గానీ మారాలి, ఏ ఫారం పెట్టాలి, ఎవరికి పెట్టాలి. నేను కూడా రిజర్వ్‌లోనే మేజర్‌ని. ట్రాన్స్‌పోర్టేషన్‌లో మొదలుపెట్టి, కెప్టెన్ కాకముందే సిగ్నల్‌కి మారాను, తర్వాత అక్కడే కంపెనీ కమాండ్ (బెటాలియన్‌లో ఒక దళాన్ని నడిపే బాధ్యత) చేశాను.

ఫారం సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. అది డీఏ 4187, సిబ్బంది మార్పులు కోరే ఆర్మీ ఫారం, మీ కమాండర్ల ద్వారా పైకి వెళ్తుంది, చివరికి తేలేది కెంటకీలో ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న హ్యూమన్ రిసోర్సెస్ కమాండ్‌లో. కానీ దాంతో మొదలుపెట్టకండి. కూర్చోవడానికి స్లాట్, అంటే యూనిట్‌లో ఖాళీ పోస్టు, లేకుండా 4187 పెట్టడం అంటే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

యాక్టివ్ డ్యూటీలో (ఫుల్ టైమ్ సైన్యంలో) ఉన్న మీ స్నేహితులు చెప్పే మాటలు ఇక్కడ సరిగ్గా అతకవు. వాళ్ళని ఆర్మీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి సామాన్లతో సహా పంపిస్తుంది, మనల్ని పంపదు. మన ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి ఉన్నచోటే ఉంటాయి, యూనిట్ మనకి డ్రైవ్ చేసే దూరంలో ఉండాలి. రూల్స్ ప్రకారం మామూలుగా లెక్కపెట్టే దూరం 50 మైళ్ళు. అంతకంటే దూరం వెళ్ళాలంటే మీరు ఇష్టపడి వెళ్ళాల్సిందే, ఖర్చు చాలావరకు మీదే. పైగా రిజర్వ్‌లో అన్ని బ్రాంచ్‌లూ ఉండవు. మనది ఎక్కువగా లాజిస్టిక్స్, మెడికల్, ఇంజనీర్, సివిల్ అఫైర్స్ లాంటి సపోర్ట్ యూనిట్ల సైన్యం. ఇన్‌ఫాంట్రీ అంటే హవాయి కేంద్రంగా ఉన్న 100వ బెటాలియన్, 442వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ ఒక్కటే. యాక్టివ్ నుంచి వచ్చిన ఇన్‌ఫాంట్రీ కెప్టెన్లు ఇక్కడ బ్రాంచ్ మార్చుకునేది ఇష్టంతో కాదు, ఇంటి దగ్గర వాళ్ళకి స్లాట్ లేక. మీ కేసులోనూ నిర్ణయించేది అదే లెక్క.

మీరు చేయాల్సిన మొదటి పని, వచ్చే నెలవారీ వీకెండ్ డ్రిల్‌లో మీ బెటాలియన్ ఎస్‌-1 (సిబ్బంది వ్యవహారాల ఆఫీసు) దగ్గరికి వెళ్ళి యూనిట్ మ్యానింగ్ రిపోర్ట్ (ఏ పోస్టులో ఎవరున్నారో చూపే పట్టిక) తెరిచి చూపించమని అడగడం. నేను మారాలనుకున్నప్పుడు శనివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఒక సార్జెంట్ పక్కన కూర్చుని అదే చూశాను. ఒక్కో లైన్‌లో పేరా నంబరు, లైన్ నంబరు, పోస్టు పేరు, ర్యాంకు, బ్రాంచ్ కోడ్, చివర ఆ సీట్లో ఉన్నవాళ్ళ పేరు ఉంటాయి. పేరు గడి ఖాళీగా ఉంటే సీటు ఖాళీ. సిగ్నల్ ఆఫీసర్ కోడ్ 25ఏ, సైబర్‌ది 17ఏ, మీ క్వార్టర్‌మాస్టర్‌ది 92ఏ. మా బెటాలియన్‌లో 25ఏ ఖాళీ ఏదీ లేదు, కానీ పై బ్రిగేడ్ కింద ఇంకో బెటాలియన్‌లో ఒకటి కనిపించింది. ఆ పేరా, లైన్ నంబర్లు రాసుకుని, సోమవారం ఆ యూనిట్‌కి ఫోన్ చేశాను. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి, కమాండర్ నెలకి ఒక్క వీకెండే ఉంటాడు, మిగతా రోజుల్లో ఆ యూనిట్‌ని నడిపేది యూనిట్ అడ్మినిస్ట్రేటర్. ఆ ఫోన్ ఎత్తే మనిషితో మర్యాదగా, సూటిగా మాట్లాడితే సగం పని అయినట్టే. "ఈ లైన్ నిజంగా ఖాళీయేనా, ఎవరైనా రాబోతున్నారా, మీ కమాండర్‌ని కలవడానికి ఒక డ్రిల్‌కి రావచ్చా" అని అడిగాను, రమ్మన్నారు. వాళ్ళ కమాండర్ నాతో మాట్లాడి, తీసుకుంటామని ఒక లెటర్ ఇచ్చాడు. ఆ లెటర్ చేతిలో ఉంటే 4187 మీద సంతకాలు అడగడం వేరుగా ఉంటుంది, ఎందుకంటే అప్పుడు మీరు అడిగేది ఫలానా చోట ఫలానా సీటు.

అయినా సంతకాలు త్వరగా పడవు. నెలకి రెండు రోజులు కలిసే వ్యవస్థలో ఒక్క సంతకం తప్పితే నెల పోయినట్టే. మీ ప్రస్తుత కమాండర్‌కి మీరు వెళ్ళిపోతే సీటు ఖాళీ అవుతుంది, ఆయనకి అది ఇబ్బంది, అది సహజం. అందుకే ఆయనకి ఈ సంగతి మొదట మీ నోటి నుంచే తెలియాలి, వేరే యూనిట్ నుంచి ఫోన్ వచ్చాక కాదు. రాబోయే యాన్యువల్ ట్రైనింగ్ అయ్యేదాకా ఉంటాను, నా పని ఫలానా లెఫ్టినెంట్‌కి అప్పగిస్తాను అని తేదీతో సహా చెప్పండి. ఆయనే మీ రేటర్ (మీ పనిని అంచనా వేసే అధికారి) అయితే వెళ్ళేముందు వచ్చే ఓఈఆర్ (ఆఫీసర్ పనితీరు రిపోర్ట్) కూడా ఆయన చేతిలోనే ఉంటుంది.

ఇక టైమింగ్. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. మేజర్ కావాలంటే కెప్టెన్స్ కెరీర్ కోర్స్ పూర్తయి ఉండాలి, ఆ కోర్స్ బ్రాంచ్‌ని బట్టి ఉంటుంది. మీరు ఇప్పుడున్న దారిలోనే వెళ్తే వర్జీనియాలో ఫోర్ట్ లీలో లాజిస్టిక్స్ కోర్స్ చేస్తారు, అది అవగానే క్వార్టర్‌మాస్టర్ నుంచి 90ఏ లాజిస్టిక్స్ ఆఫీసర్ అవుతారు. సిగ్నల్, సైబర్ బడులు రెండూ జార్జియాలో ఫోర్ట్ గోర్డన్‌లో. కాబట్టి మారాలనుకుంటే ఆ కోర్స్‌కి ముందే మారండి. కోర్స్ చేసి, కంపెనీ కమాండ్ కూడా చేసేసి, సీనియర్ కెప్టెన్‌గా కొత్త బ్రాంచ్‌లోకి వెళ్తే, ప్రమోషన్ బోర్డు ముందుకి మీ ఫైల్ వెళ్ళేనాటికి కొత్త బ్రాంచ్‌లో చెప్పుకోదగ్గ పని ఏమీ ఉండదు, పాత బ్రాంచ్ పని అక్కరకు రాదు. మేజర్ బోర్డులో రెండుసార్లు ఎంపిక కాకపోతే బయటికి పంపే పరిస్థితి వస్తుంది. 20 గుడ్ ఇయర్స్ (పెన్షన్ లెక్కలోకి వచ్చే సర్వీసు సంవత్సరాలు) నిండితేనే 60 ఏళ్ళకి పెన్షన్ అని లెక్కలేసుకునే మనలాంటి వాళ్ళకి అది చిన్న విషయం కాదు. ఫస్ట్ లెఫ్టినెంట్‌గా ఉన్న ఈ ఒకటి రెండేళ్ళే మీకు మంచి అదను.

సైబర్ గురించి నిజం చెప్పాలి. 2014లో పుట్టిన బ్రాంచ్, ఖాళీ కనిపించింది కదా అని మామూలు ట్రాన్స్‌ఫర్‌లా కుదరదు, మీ సాంకేతిక అనుభవాన్ని చూసి ఎంపిక చేసుకుంటారు, టాప్ సీక్రెట్ క్లియరెన్స్ (అత్యంత రహస్య సమాచారం చూసే అనుమతి) కావాలి, ట్రైనింగ్ నెలల తరబడి సాగుతుంది. డాలస్‌లోని మీ కంపెనీ మిమ్మల్ని ఉద్యోగం నుంచి తీసేయకుండా యూసెర్రా చట్టం కాపాడుతుంది, నిజమే, కానీ ఆ నెలల్లో మీ జీతానికీ ఆర్మీ జీతానికీ ఎంత తేడా వస్తుందో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. క్లియరెన్స్ దగ్గర మన తెలుగువాళ్ళకి కొంచెం పని ఎక్కువ. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలు, అన్నదమ్ములు, మీ పేరున ఉన్న ప్లాటు, నాన్నగారితో జాయింట్‌గా ఉన్న బ్యాంకు ఖాతా, అన్నీ ఎస్ఎఫ్-86 అనే క్లియరెన్స్ దరఖాస్తులో రాయాలి. వీటివల్ల క్లియరెన్స్ రాదని భయపడి దాచొద్దు, దాచడమే అసలు సమస్య అవుతుంది. ఇండియా ప్రయాణాలు కూడా ముందే చెప్పాలి. ఇంకొకటి, సర్వీసులో ఉన్న, రిటైరైన విదేశీ సైనికులకి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) ఇవ్వరు, కాబట్టి వీసా సంగతి ముందే చూసుకోండి.

మీరు బ్రాంచ్ మారకుండానే మీ చేతిలో ఉన్న విద్య వాడుకునే దారులూ ఉన్నాయి, చాలామంది వీటిని చూడరు. ఏ బ్రాంచ్ ఆఫీసర్ అయినా కూర్చోగల 01ఏ పోస్టులు ఉంటాయి. 2018లో మొదలైన 75వ ఇన్నోవేషన్ కమాండ్ హ్యూస్టన్‌లోనే ఉంది, వాళ్ళకి కావాల్సింది సివిల్ ఉద్యోగంలో నేర్చిన టెక్నాలజీ అనుభవమే. డాలస్ నుంచి నాలుగు గంటల డ్రైవ్, భరించగలిగితే ఒకసారి మాట్లాడి చూడండి. అయితే కంపెనీ కమాండ్ కాకముందే అలాంటి పోస్టుల్లో ఏళ్ళు గడిపేయొద్దు, ఫైల్ బోసిగా ఉంటుంది. ఆఫీసర్‌గా మనుషుల్ని నడపడం కన్నా కీబోర్డు ముందు కూర్చోవడమే ఇష్టమైతే వారెంట్ ఆఫీసర్ (సాంకేతిక పనిలో నిపుణుడైన ఆఫీసర్) దారి గురించి మనసు పెట్టి ఆలోచించండి. సిగ్నల్ ఆఫీసర్ అయితే సర్వర్లు కాన్ఫిగర్ చేస్తారనుకుంటారు చాలామంది. నేను కెప్టెన్‌గా ఎక్కువగా చేసింది రేడియోల లెక్క తేల్చడం, జనరేటర్లు పనిచేస్తున్నాయో లేదో చూడడం, సైనికుల ట్రైనింగ్ షెడ్యూల్ రాయడం. నాకది నచ్చింది. మీకు నచ్చుతుందో లేదో, ఆ సీట్లో ఇప్పుడున్న కెప్టెన్‌ని ఒక డ్రిల్ రోజంతా గమనించి తేల్చుకోండి.

చేరినప్పుడు బ్రాంచ్‌కి ముడిపెట్టిన బోనస్ ఏమైనా తీసుకున్నారా? తీసుకుంటే ఆ కాంట్రాక్టు ముందు చదవండి, బ్రాంచ్ వదిలితే మిగిలిన భాగం వెనక్కి కట్టమనే అవకాశం ఉంది.

ఫస్ట్ లెఫ్టినెంట్ ర్యాంకు తేదీ, ఎన్ని మైళ్ళు డ్రైవ్ చేయడానికి సిద్ధం, ఇప్పుడు సీక్రెట్ క్లియరెన్స్ చేతిలో ఉందా, ఈ మూడూ కింద రాయండి. 4187తో పాటు పెట్టే మెమో ఎలా రాయాలో అప్పుడు మీ కేసుకి తగ్గట్టు చెప్తాను.