పైపు తుప్పు పట్టిందా, ఎవరైనా కోశారా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లోనే కెమికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. నైజీరియాలో చమురు కాలుష్యం గురించి చదివిన దగ్గర్నుంచీ ఒకటే మాట. ఆయిల్ కంపెనీల ప్లేస్‌మెంట్‌కి కూర్చోదట, ఆ కాలుష్యం మీద పోరాడేవాళ్లతో కలిసి పనిచేస్తుందట. వాళ్ల నాన్న దానితో మాట్లాడటం మానేశారు. మాది కోనసీమ. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకున్నప్పుడు నేను ఆరో తరగతి. ఆ మంట మా డాబా మీంచి కనపడేది. అందుకే పిల్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇది ఉద్యోగమేనా అండీ? కేసులూ జైళ్లూ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీ భయం ఊరికే వచ్చింది కాదు. మీ అమ్మాయి చదివింది బహుశా నైజర్ డెల్టాలోని ఒగోనీ ప్రజల గురించే అయివుంటుంది. అక్కడ 1958లో చమురు పడింది. ఊళ్ల మధ్యనుంచి పైపులు, వాగుల మీద నల్లటి తెట్టు, రాత్రీ పగలూ ఆరని గ్యాస్ మంటలు. కెన్ సారో వివా అనే రచయిత జనాన్ని కూడగట్టాడు. 1993లో షెల్ అనే ఆయిల్ కంపెనీ అక్కడ చమురు తీయడం ఆపేసింది. రెండేళ్లకు, 1995 నవంబరు 10న, సైనిక ప్రభుత్వం ఆయన్నీ మరో ఎనిమిది మందినీ ఉరితీసింది. మీ పాశర్లపూడి బావి మండిన ఏడాదే. మన పక్కన తూత్తుకుడిలో 2018 మేలో రాగి ఫ్యాక్టరీ కాలుష్యం మీద రోడ్డెక్కిన జనంపై పోలీసులు కాల్పులు జరిపితే 13 మంది పోయారు. ఇవన్నీ తెలిసి మీతో ‘ఏం కాదులెండి’ అని నేను అనలేను.

అయితే ఒగోనీల గొడవ ఆ ఉరితో ముగిసిపోలేదు. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అక్కడి మట్టీ నీళ్లూ పరీక్షించి నివేదిక ఇచ్చింది. 14 నెలల పని అది. 200కు పైగా చోట్లకు వెళ్లి, 4,000కు పైగా నమూనాలు పరీక్ష చేశారు. ఒగాలె అనే ఊళ్లో జనం తాగుతున్న బావినీళ్లలో బెంజీన్ ఉంది. క్యాన్సర్ తెచ్చే పదార్థం అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితికి 900 రెట్లకు పైగా ఉంది. అక్కడికి దగ్గర్లోనే భూమి లోపలి నీటి మీద 8 సెంటీమీటర్ల మందాన నూనె తేలుతోంది. అంతా బాగవడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టొచ్చన్నారు. ఆ ఒగాలె వాళ్లే లండన్‌లో కేసు వేస్తే, దాన్ని అక్కడ నడపొచ్చని 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది.

ఇలాంటి కేసుల్లో ఆయిల్ కంపెనీ ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటుంది: ‘మా తప్పేం లేదు, దొంగలు పైపు కోశారు.’ నైజీరియాలో నూనె దొంగతనం నిజంగానే ఉంది కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేం. నలుగురు రైతులు 2008లో నెదర్లాండ్స్ కోర్టుకెక్కారు. కంపెనీ ఇదే వాదించింది. చివరికి 2021 జనవరిలో హేగ్ అప్పీలు కోర్టు, రెండు ఊళ్ల విషయంలో పైపు ఎవరో కోశారని గట్టిగా రుజువు కాలేదు కాబట్టి నైజీరియాలోని షెల్ కంపెనీయే బాధ్యత వహించాలంది. 13 ఏళ్లు పట్టింది. తీర్పు వినకుండానే పోయిన రైతులు కూడా వాళ్లలో ఉన్నారు. బోడో అనే మరో ఊరికి 2008 నాటి లీకులకు 2015లో 5.5 కోట్ల పౌండ్లు ఇవ్వడానికి షెల్ ఒప్పుకుంది.

మీకు ఇంకా దగ్గరి సంగతి, మీ కోనసీమలోనే ఉన్న నగరం అనే ఊరిది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. నీటి తేమ ఉన్న గ్యాస్ వెళ్లి వెళ్లి పైపును లోపలినుంచి తినేసింది.

ఇప్పుడు చెప్పండి, ఇనుము లోపలినుంచి తుప్పు పట్టిందా, బయటినుంచి రంపం పడిందా అనేది చూసి చెప్పగలిగేది ఎవరు? నినాదాలు రాసేవాళ్లు చెప్పలేరు, లాయర్లు కూడా చెప్పలేరు. మీ అమ్మాయి చదువుతున్న చదువే చెప్పగలదు. వాళ్ల నాన్నగారికి ఈ ఒక్క సంగతి చెప్పండి. ఆమె చదువును వదిలేయడం లేదు. ఆ చదువు అవసరమైన చోటికే వెళ్తానంటోంది.

ఇక అమ్మాయికి ఒక గట్టి మాట. ఈక్వెడార్ సంగతి తప్పకుండా చదవమనండి. అమెజాన్ అడవిలో టెక్సకో కంపెనీ 1964 నుంచి చమురు వెతికి, తీసి, వ్యర్థాలు నింపిన గుంతలు వదిలేసి వెళ్లింది. ఆ ఊళ్లవాళ్లు 1993లో కేసు మొదలుపెట్టారు. టెక్సకోను తర్వాత షెవ్రాన్ కొనుక్కుంది. 2011లో ఈక్వెడార్ కోర్టు వందల కోట్ల డాలర్ల పరిహారం ఇమ్మంది. కానీ 2014లో న్యూయార్క్ జడ్జి, ఆ తీర్పును బాధితుల లాయరు లంచాలతో, మోసంతో తెప్పించుకున్నారని తేల్చారు. గుంతల్లో నూనె నిజం. ఆ నీళ్లు తాగినవాళ్ల కష్టం నిజం. అయినా డబ్బు వాళ్లకు చేరలేదు. మన పక్షం న్యాయమైనదే కదా అని సాక్ష్యం దగ్గర ఒక్క అడుగు పక్కకు వేసినా, దాని ఖరీదు ఆ ఊరివాళ్లే కట్టాల్సి వస్తుంది. నాకు ఇది చాలా బాధ కలిగించే కేసు. అందుకే దీని గురించి ఇంత చెప్పాను.

సాక్ష్యం అంటే నాకు గుర్తొచ్చేది ఓ చిన్న గాజు సీసా. చాలా ఏళ్ల కిందట ఇద్దరు విద్యార్థులతో కలిసి పటాన్‌చెరు వైపు ఓ ఊరికి వెళ్లాను. బోరు నీళ్లు పసుపుపచ్చగా, ఘాటు వాసనతో వచ్చాయి. పిల్లలు ఆవేశంగా ఖాళీ మినరల్ వాటర్ బాటిల్లో నీళ్లు పట్టి ల్యాబుకు తెచ్చారు. అక్కడి పెద్దాయన ఆ బాటిల్‌ని ముట్టుకోలేదు. ప్లాస్టిక్ గోడలకు నూనె అంటుకుపోతుందనీ, పైన ఖాళీ ఉంటే తేలికపాటి పదార్థాలు ఆవిరైపోతాయనీ చెప్పారు. వేలెడంత గోధుమరంగు గాజు సీసా తీసి, అంచు దాకా నీళ్లు నింపి, మూత బిగించి తలకిందులు చేసి చూపించారు. లోపల ఒక్క గాలిబుడగ కూడా లేదు. ‘ఐసులో పెట్టి తెండి. ఎవరు పట్టారో, ఎన్నింటికి పట్టారో, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లిందో కాగితం మీద రాయండి’ అన్నారు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి ఇవాళ నీటి పరీక్షల మీదే బతుకుతోంది. నేను నేర్పినదానికంటే ఆ సీసా ఎక్కువ నేర్పింది.

దారులు రెండు మూడు ఉన్నాయి. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష మూడో ఏడాది నుంచే రాయొచ్చు. కెమికల్ పేపరుతోపాటు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు కూడా 2021 నుంచి ఉంది. ఎంటెక్‌లో నీరు, మట్టి కాలుష్యం తీసుకుంటే మంచిది. మన ఊళ్లోనే ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్ఐ అనే జాతీయ పరిశోధన సంస్థ భూగర్భజలాల మీద పనిచేస్తోంది, గచ్చిబౌలిలో పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థ ఈపీటీఆర్ఐ ఉంది. ఇంటర్న్‌షిప్ కోసం అడగడానికి ఈ సెలవులే సరైన సమయం. ఒలికిన చమురును తినే బ్యాక్టీరియాతో నేల శుభ్రం చేసే పద్ధతిని ఢిల్లీలోని టెరీ సంస్థ తయారుచేసింది. ఆ పని కూడా చూడమనండి.

రెండోది లా. బీటెక్ అయ్యాక లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు. తెలుగు రాష్ట్రాల పర్యావరణ కేసులు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచికి వెళ్తాయి. అక్కడ జడ్జీల పక్కన శాస్త్ర సాంకేతిక నిపుణులు కూడా కూర్చుంటారు. కెమిస్ట్రీ తెలిసిన లాయరు అక్కడ ఎంత బలంగా నిలబడగలరో ఊహించండి. కానీ మొదటి ఐదారేళ్లు డబ్బుకు కటకటే, అది ముందే మనసులో పెట్టుకోవాలి.

ప్లేస్‌మెంట్ విషయంలో నేను మీ అమ్మాయితో ఏకీభవించను. పైప్‌లైన్ భద్రత, తుప్పు నివారణ విభాగంలో అవకాశం వస్తే రెండేళ్లు చేయమంటాను. లోపల రికార్డులు ఎలా రాస్తారో, ఏ చెకింగ్ వాయిదా పడుతుందో తెలిసినవాళ్లను రేపు బయట ఎవరూ తేలిగ్గా తీసిపారేయలేరు. దానికీ మనసు ఒప్పకపోతే బలవంతం పెట్టొద్దు. జీతం మాత్రం నిజాయితీగా చెప్పాలి. స్వచ్ఛంద సంస్థలో మొదటి జీతం ఆయిల్ కంపెనీ ఇచ్చేదానిలో సగం కూడా ఉండకపోవచ్చు. ఎడ్యుకేషన్ లోను ఉంటే నెలకు ఎంత కట్టాలో కాగితం మీద వేసి, ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. ఊరేగింపులకు వెళ్లొద్దని షరతు పెట్టకండి. వెళ్తే చెప్పి వెళ్లమనండి, ఒక లాయరు నంబరు దగ్గర పెట్టుకోమనండి.

ఇంకొక్క పని. పాశర్లపూడి మంట 65 రోజులు మండింది. మీ డాబా మీంచి కనపడింది, ఆ రోజుల్లో బడి ఉందో లేదో, బావినీళ్లు ఎలా ఉన్నాయో, పక్క చేలకు ఏమైందో, ఎవరు ఇల్లు వదిలి వెళ్లారో మీ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పండి. ఆమెను తేదీలతో సహా రాసుకోమనండి. మీరు కళ్లారా చూసింది, ఎవరో చెప్పగా విన్నది వేరు వేరుగా రాయమనండి. ఆ కాగితాలు తీసుకుని ఏ ఆదివారమైనా ఇద్దరూ నా దగ్గరికి రండి. వాళ్ల నాన్నగారు కూడా వస్తే మరీ సంతోషం.