వేగా కోసం దిక్సూచి పట్టుకున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నవ్వాగలేదురా. నక్షత్రాల జాబితాలో వేగా పక్కన +39 డిగ్రీలు అని చూసి, దిక్సూచిలో 39 వైపు తిరిగి గంటసేపు వెతికావా? నీ వయసులో నేనూ అదే పని చేశాను, వరసగా రెండు రాత్రులు.

దిక్సూచి డిగ్రీలు నువ్వు నిలబడ్డ చోటి లెక్క. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270, గడియారం ముల్లు తిరిగే వైపే. రాసేటప్పుడు మూడంకెలూ రాయి, 45 కాదు, 045. ఒక అంకె ఎగిరిపోయిందేమోనన్న అనుమానం ఎవరికీ రాదు.

జాబితాలో ఉన్నది క్రాంతి, ఇంగ్లీషులో డెక్లినేషన్ అంటారు. అది నక్షత్రం సొత్తు, నీది కాదు. భూమధ్యరేఖను ఆకాశం దాకా సాగదీశావనుకో, ఆ గీతకు నక్షత్రం ఎంత ఉత్తరాన ఉంటే అంత ప్లస్, దక్షిణాన ఉంటే మైనస్. 90 దాటదు. ధ్రువ నక్షత్రానిది 89 పైనే. వేగా ఉదయిస్తున్నా, అస్తమిస్తున్నా క్రాంతి +39 గానే ఉంటుంది, దిక్సూచి డిగ్రీ మాత్రం రాత్రంతా మారుతూనే ఉంటుంది. సూర్యుడు వేరే రకం. జూన్‌లో +23.4 దాకా వెళ్లి, డిసెంబరుకల్లా -23.4కి దిగుతాడు.

మరి వేగాను పట్టుకోవడం ఎలా? క్రాంతిలోంచి నీ అక్షాంశం తీసెయ్. ఉత్తర అక్షాంశం 20 అనుకుంటే మిగిలేది 19. అంటే వేగా బాగా పైకెక్కినప్పుడు నడినెత్తికి 19 డిగ్రీలు ఉత్తరాన ఉంటుంది. మైనస్ వస్తే దక్షిణాన చూడాలి. చెయ్యి బారుగా చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, కాబట్టి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ.

ఇంకో తిరకాసుంది. మ్యాపుల మీద కూడా డెక్లినేషన్ అని రాస్తారు. అది క్రాంతి కాదు, దిక్పాతం: దిక్సూచి ముల్లు అసలు ఉత్తరం నుంచి ఎంత పక్కకు జరిగిందో చెప్పేది. ముల్లు తూర్పుకి 5 డిగ్రీలు జరిగితే చదివిన అంకెకి 5 కలుపు, పడమరకైతే తీసెయ్. ఇది చోటును బట్టీ, ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది, అందుకని మ్యాపు ఏ ఏడాదిదో చూసుకో. ఒక్క డిగ్రీయే కదా అనుకోకు, కిలోమీటరు నడిచేసరికి 17 మీటర్లు పక్కకు పోతావు. అన్నట్టు, ఫోను జేబులో పెట్టుకుని దిక్సూచి చూడకు, ముల్లు దానివైపు లాగుతుంది.

ఈ రాత్రి దిక్సూచి ఇంట్లో పెట్టేసి బయటికెళ్లు. దిగంతం నుంచి ధ్రువ నక్షత్రం దాకా ఎన్ని పిడికిళ్లో కొలువు. ఆ ఎత్తే ఇంచుమించు నీ అక్షాంశం. ఎంత వచ్చిందో రాయి.

మామయ్య