కిలోమీటర్లు కాలేదు, ఏడాది మాత్రం దాటింది: ఇంజిన్ వారంటీ దక్కుతుందా?

ప్రశ్న: మాది నల్లగొండ, రామగిరి. 2022 అక్టోబర్‌లో రూ.7.40 లక్షలు పెట్టి చిన్న పెట్రోల్ కారు కొన్నాను. వారంటీ మూడేళ్లు. ఇంటి నుంచి క్లాక్ టవర్ దగ్గరి దుకాణం దాకా, బండి తిరిగేది అంతే. 2023 అక్టోబర్ 14న, 5,900 కిలోమీటర్ల దగ్గర, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే ఆయిల్ మార్పించాను. తర్వాత నాన్నకు కిడ్నీ జబ్బు బయటపడి ఇల్లంతా ఆగమైంది. పదివేల కిలోమీటర్లు కాలేదు కదా అని బండిని పట్టించుకోలేదు. 2025 మార్చి 9న నాన్నను హైదరాబాద్ తీసుకుపోతుంటే నార్కట్‌పల్లి దాటాక ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. ఆస్పత్రికి ఆలస్యమవుతుందని చిట్యాల దాకా పోనిచ్చాను. అక్కడ ఇంజిన్ బిగుసుకుపోయి సీజ్ అయింది. అప్పటికి రీడింగ్ 11,400. రిపేరుకు రూ.1.42 లక్షలు అన్నారు. సర్వీస్ ఆలస్యమైంది కాబట్టి వారంటీ రాదని మార్చి 24న ఈమెయిల్ పంపారు. ఆయిల్ పోసే మూత కింద పేరుకున్న జిగురు ఫొటో వాట్సాప్‌లో పెట్టారు. అప్పటినుంచి కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేస్తూనే ఉన్నాను. బండి వాళ్ల షెడ్డులోనే ఉంది, ఇంజిన్ ఇంకా విప్పలేదు. తెలిసిన మెకానిక్ తక్కువలో చేస్తానంటున్నాడు, 2024 అక్టోబర్ తేదీతో ఆయిల్ బిల్లు కూడా రాసిస్తానంటున్నాడు. జబ్బు మనిషిని పట్టుకుని తిరిగేవాడి మీద ఇంత కఠినమా? నాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీ నాన్నగారి జబ్బు ఈ కేసును తేల్చదు. వారంటీ అంటే ఒప్పందం. అందులో రాసిన షరతు ఏమిటి, ఇంజిన్ పోవడానికి కారణం ఏమిటి, వినియోగదారుల కమిషన్ చూసేది ఈ రెండే. మీ ఉత్తరం మొత్తంలో మీకు పనికొచ్చే మాట ఒక్కటి ఉంది: ఇంజిన్ ఇంకా విప్పలేదు.

ముందు మీ పొరపాటు సంగతి. బండితో ఇచ్చిన పుస్తకం తెరిచి సర్వీస్ పట్టిక చూడండి. చాలా పెట్రోల్ కార్లకు పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందయితే అది అని ఉంటుంది. మీరు మొదటి సగం చదివి రెండో సగం వదిలేశారు. ఆయిల్ మార్చి 5,500 కిలోమీటర్లే కావచ్చు, నెలలు మాత్రం పదిహేడు దగ్గరికి వచ్చాయి. దుమ్ములో, దగ్గరి దూరాలకు తిరిగే బండ్లకు ఆ గడువు ఇంకా తక్కువ అని అదే పుస్తకంలో వేరే చోట రాసి ఉంటుంది, చాలా బండ్లకు దాదాపు సగం. మీ వాడకం అదే కోవలోకి వస్తుంది. రెండు మూడు కిలోమీటర్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరైపోక ఆయిల్‌లోనే కలుస్తాయి. హైవే మీద పదివేలు తిరిగిన ఆయిల్ కంటే ఊళ్లో ఐదువేలు తిరిగిన ఆయిలే ముందు పాడవడం మామూలే. తక్కువ తిరిగాను అన్నది మీరు బలం అనుకుంటున్నారు. కంపెనీ వకీలు దాన్నే మీ మీదికి తిప్పుతాడు.

అంతకంటే పెద్ద తప్పు చిట్యాల దాకా పోనివ్వడం. ఆ ఎర్ర లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పేది కాదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. వెలిగిన వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయాలి. లైటు వెలిగాక నడిపిన ఆ కొద్ది దూరం అయిదు నెలల సర్వీస్ ఆలస్యం కన్నా మీకు ఎక్కువ నష్టం చేస్తుంది. అయినా దాన్ని ఫిర్యాదులో దాచకండి. అఫిడవిట్‌లో అబద్ధం బయటపడితే మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు.

ఇక అసలు పాయింటు. సర్వీస్ ఆలస్యమైందని చూపిస్తే కంపెనీ పని సగమే అయినట్టు. ఆ ఆలస్యం వల్లే ఇంజిన్ పోయిందని కూడా చూపించాలి. వారంటీలోని మినహాయింపును అడ్డం పెట్టుకునేవారే దాన్ని రుజువు చేయాలి. వాళ్ల దగ్గర ఇప్పుడున్నది ఒక ఫొటో. ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటి పొర తేమ వల్ల కూడా కడుతుంది, దగ్గరి దూరాలు తిరిగే బండ్లలో ఇది మామూలు. అది చూపి కింద ఆయిల్ వడకట్టే జాలీ, అంటే స్ట్రైనర్, పూడుకుపోయిందని తేల్చలేరు.

తేల్చేది ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ విప్పితే కనిపించేదే. స్ట్రైనర్ జాలీ నల్లటి మడ్డితో పూడి, క్రాంక్ బేరింగులు మాడిపోయి ఉంటే కంపెనీ మాటే నిలుస్తుంది. జాలీ శుభ్రంగా ఉండి ఆయిల్ పంపు విరిగి ఉంటే, లేదా ప్రెషర్ వాల్వు ఇరుక్కుపోయి ఉంటే, అది తయారీ లోపం వైపు చూపిస్తుంది. మూడోది కూడా ఉంది: ఆయిలే తక్కువ దిగడం. మీ ఇంజిన్‌కు పుస్తకం ప్రకారం మూడున్నర లీటర్లు పట్టాల్సింది లీటరున్నరే దిగితే మిగతాది ఎటు పోయిందో చూడాలి. డ్రెయిన్ బోల్టు వాషర్ దగ్గరో ఫిల్టర్ దగ్గరో కారిన జాడ ఉంటే, చివరిసారి బిగించింది వాళ్లే కాబట్టి సేవాలోపం కిందికి వస్తుంది. ఆయిల్ నల్లగా ఉందన్న మాటకు మాత్రం విలువ ఇవ్వకండి. రంగు చూసి ఏదీ తేలదు.

అందుకే చెబుతున్నాను, బండిని మీ మెకానిక్ షెడ్డుకు తీసుకుపోకండి. అతను ఛాంబర్ విప్పి ఆయిల్ పారబోసిన క్షణంలో మీ సాక్ష్యం మోరీలో కలిసిపోతుంది. ఇక ఆ పాత తేదీ బిల్లు జోలికి అసలు పోవద్దు. బిల్లు బుక్కులో వరుస నంబర్లుంటాయి, ముందు వెనక బిల్లుల తేదీలు అడిగితే మోసం అక్కడికక్కడే బయటపడుతుంది. దొంగ పత్రం తయారు చేయడం భారతీయ న్యాయ సంహిత 336 కింద నేరం, దాన్ని అసలుదిగా వాడటం 340 కింద నేరం. లక్షన్నర రిపేరు కోసం క్రిమినల్ కేసు మెడకు తగిలించుకుంటారా?

చేయవలసింది ఇది. డీలరుకూ కంపెనీకీ స్పీడ్ పోస్టులో ఈ వారమే ఉత్తరం పంపండి: ఇరుపక్షాల సమక్షంలో తప్ప ఇంజిన్ విప్పకూడదు, ఆయిల్ తీయకూడదు, తీసిన భాగాలు పారేయకూడదు. పదిహేను రోజుల్లో తేదీ ఇమ్మనండి. ఆ రోజు ఆటోమొబైల్ ఇంజినీరింగ్ తెలిసిన, ఈ గొడవతో సంబంధం లేని మనిషిని వెంట తీసుకుపోండి. ముందు డిప్‌స్టిక్ మట్టం ఫొటో తీయండి. దిగిన ఆయిల్‌ను కొలత జాడీలో పట్టి ఎన్ని లీటర్లో రాయించండి. శుభ్రమైన రెండు సీసాల్లో నమూనాలు పట్టి సీలు వేసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఫిల్టర్, స్ట్రైనర్, పంపు, బేరింగులు విడివిడిగా కవర్లలో పెట్టించండి. విప్పే ఖర్చు అడిగితే అభ్యంతరంతో కడుతున్నట్టు రాసి కట్టండి. వాట్సాప్ ఫొటో ఉన్న ఫోను మార్చకండి, భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద దానికి సర్టిఫికెట్ జత చేయాల్సి ఉంటుంది. 2023 జాబ్ కార్డూ బిల్లూ మీ దగ్గర లేకపోతే నకళ్లు అడగండి.

వాళ్లు ఉమ్మడి తనిఖీకి ఒప్పుకోకపోతే ఆ నిరాకరణే మీకు కాగితం అవుతుంది. అప్పుడు కమిషన్‌నే వినియోగదారుల రక్షణ చట్టం 38 కింద పరీక్షకు పంపమని అడగండి. ఫీజు మీరు కట్టాలి. తనిఖీలో స్ట్రైనర్ పూడినట్టు తేలితే మాత్రం కేసు మొండిగా లాగకండి. విడిభాగాల ఖర్చులో వాటా భరించమని అడిగి రాజీ చేసుకోండి.

గడువు విషయంలో మీ నిర్లక్ష్యం నాకు కోపం తెప్పిస్తోంది. అదే చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే. ఆ లెక్క వారంటీ నిరాకరించిన 2025 మార్చి 24 నుంచి మొదలైంది. కస్టమర్ కేర్ కాల్స్ గానీ, 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదు గానీ దాన్ని ఒక్క రోజు కూడా పొడిగించవు. గడువు దాటితే తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు, మీ నాన్నగారి ఆస్పత్రి కాగితాలు పనికొచ్చేది అక్కడే. ఆ అవసరం తెచ్చుకోకండి.

ఫిర్యాదుకు హైదరాబాద్ పోనక్కరలేదు. మీరు నివసించే చోటే వేసుకునే హక్కు 34వ సెక్షన్ ఇస్తుంది కాబట్టి నల్లగొండ జిల్లా కమిషన్ చాలు, ఈ-జాగృతి పోర్టల్‌లోనూ దాఖలు చేయవచ్చు. మీ కారు ధరకు ఫీజు రూ.200. డీలరునూ తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే తప్పు రెండోవారిదని తప్పించుకుంటారు.