లాయరమ్మను అడగండి: వరండాలో పెట్టిన సంతకం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఉరిశిక్ష గురించే. ఢిల్లీ పక్కన నోయిడాలోని నిఠారిలో జరిగిన పిల్లల హత్యల మీద తీర్పు వచ్చినప్పటి నుంచి ఇదే వరస. మూడు తీసుకున్నాను. కొత్తగా చదివేవాళ్ళకు ఒక మాట: నేను ఇరవై ఆరేళ్ళు సెషన్స్ కోర్టుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా చేశాను. అంటే శిక్ష వేయమని అడిగే వైపు నిలబడినదాన్ని. అది గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: మేడమ్, నిఠారి పిల్లల హత్యల్లో ఒక కేసులో 2011లో సుప్రీంకోర్టు ఉరి ఖాయం చేసింది. 2025 నవంబరులో అదే సుప్రీంకోర్టు అదే మనిషిని నిర్దోషి అని వదిలేసింది. కింది కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు అన్నీ చూశాకే కదా ఉరి వేసేది? మూడు జల్లెళ్ళు పట్టాక కూడా రాయి ఎలా మిగిలింది? – ఒక గృహిణి

జవాబు: జల్లెళ్ళు మూడే అమ్మా, కానీ మనుషులు కనబడేది మొదటిదానిలోనే. సాక్షి బోనెక్కడం, చెమట తుడుచుకోవడం, జవాబు చెప్పలేక నీళ్ళు నమలడం చూసేది సెషన్స్ జడ్జి ఒక్కరే. పైకి వెళ్ళేవి కాగితాల కట్టలు. ఉరిశిక్ష వేస్తే హైకోర్టు ధ్రువీకరించేదాకా అమలు చేయకూడదు, సాక్ష్యం మొత్తాన్ని హైకోర్టు మళ్ళీ తూచాలి. అంతా నిజమే. కానీ కింద ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు ఆ కట్టల్లో ఎక్కడి నుంచి వస్తుంది?

నా కేసు ఒకటి చెబుతాను. ఊరూ పేర్లూ వద్దు. ఒక ముసలి దంపతుల్ని నగల కోసం చంపేశారు. పక్కనే ఇల్లు కడుతున్న చోట పనిచేసే కూలీని పట్టుకున్నారు. కళ్ళతో చూసినవాళ్ళు లేరు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదని మీరు వినే ఉంటారు. దానికి ఒక చిన్న సందు ఉంది. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దొరకడానికి కారణమైన ముక్క వరకు చెల్లుతుంది. పాత సాక్ష్యాధారాల చట్టంలో అది 27వ సెక్షన్. మన క్రిమినల్ కేసుల్లో సగం ఆ సందులోంచే నడుస్తాయి. ఈ కేసులో దొరికినవి ఒక కొడవలి, రెండు గాజులు. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, తుమ్మచెట్టు కింద, పొద్దున ఆరింటికి ముద్దాయే తవ్వి తీశాడని మధ్యవర్తుల నివేదిక, అంటే వస్తువు దొరికినప్పుడు అక్కడున్న సాక్షులు సంతకం పెట్టే కాగితం. మధ్యవర్తి ఒక వీఆర్ఓ.

ముద్దాయికి లీగల్ ఎయిడ్ ఇచ్చిన లాయరు కుర్రాడు. అతనికది రెండో కేసో మూడోదో. వీఆర్ఓను నాలుగే ప్రశ్నలడిగి కూర్చున్నాడు. మూడో ప్రశ్నకు వీఆర్ఓ, “నివేదిక స్టేషన్ రైటర్ రాశాడు, నేను స్టేషన్ వరండాలో సంతకం పెట్టాను” అన్నాడు. అంటే ఆ కాగితం చెట్టు దగ్గర పుట్టింది కాదన్నమాట. నాకు గుండె ఝల్లుమంది. కుర్రాడికి మాత్రం తనేం రాబట్టాడో తెలియలేదు. నేను వెంటనే లేచి, “చెట్టు దగ్గర మీకు చదివి వినిపించారు కదా?” అన్నాను. అవునన్నాడు. అలా జవాబు నోటికి అందించే ప్రశ్న నేను అడగకూడదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వాదనల రోజు నేనే, ఇది అత్యంత అరుదైన కేసు, ఉరి వేయండి అని అడిగాను.

జడ్జిగారు యావజ్జీవం వేశారు. ఆరేళ్ళ తర్వాత హైకోర్టు ఆ ఒక్క వాక్యం పట్టుకుని రికవరీని, అంటే కొడవలీ గాజులూ దొరికాయన్న సాక్ష్యాన్ని, పక్కన పెట్టింది. అది పోయాక కేసులో మిగిలిందేమీ లేదు. అతన్ని వదిలేశారు. తీర్పు కాపీ తెప్పించుకుని చదివాను. నేను గొప్పగా సర్దేశాననుకున్న ప్రశ్న అందులో మక్కీకి మక్కీ ఉంది. ఆ కుర్రాడు మూడో ప్రశ్న అడగకుండా కూర్చుని ఉంటే? కట్ట ఏ మచ్చా లేకుండా ఢిల్లీ దాకా వెళ్ళేది. ఎంత పెద్ద జడ్జి చదివినా చెట్టు కనబడేది, వరండా కనబడేది కాదు.

ఇప్పుడు నిఠారికి వద్దాం. నిందితుణ్ణి అరవై రోజులు పోలీసు కస్టడీలో ఉంచాక మేజిస్ట్రేట్ ముందు ఒప్పుకోలు రాయించారు. మధ్యలో సరైన న్యాయసహాయం లేదు. ఆ ఒప్పుకోలు, ఆ రికవరీలే అన్ని కేసులకూ ఆధారం. 2023లో అలహాబాద్ హైకోర్టు పన్నెండు కేసుల్లో వాటిని నమ్మలేమని కొట్టేసింది, సుప్రీంకోర్టూ సరేనంది. అవే సాక్ష్యాలతో మిగిలిన ఒక్క కేసు ఎలా నిలుస్తుంది? 2025లో జరిగింది అదే. అయితే 2014 సెప్టెంబరులో ఆ ఒక్క కేసులోనే మీరట్ జైల్లో ఉరికి ఏర్పాట్లు జరిగిపోయాయి. అర్ధరాత్రి దాటాక సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మరుసటి ఏడాది హైకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది. సాక్ష్యం మీద అనుమానం వచ్చి కాదు, క్షమాభిక్ష అర్జీ తేల్చడంలో జాప్యం జరిగిందని! మనం రోజూ తిట్టుకునే ఆలస్యమే అతన్ని బతికించింది.

మహారాష్ట్రలో ఒక కేసు ఇంకా విడ్డూరం. 2003లో ఒక కుటుంబంలో జరిగిన హత్యలకు 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికి ఉరి ఖాయం చేసింది. అందులో ముగ్గురికి హైకోర్టు వేసింది యావజ్జీవమే, దాన్ని పెంచి మరీ ఉరి చేశారు. 2019లో అదే సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులంది. ఆ ఇంట్లో ప్రాణాలతో బయటపడ్డ తల్లి మొదట్లో పోలీసుల ఆల్బమ్‌లో వేరే నలుగురి ఫొటోలు గుర్తుపట్టింది. ఆ నలుగురి జోలికి ఎవరూ పోలేదు. పదహారేళ్ళ జైలుకు మనిషికి 5 లక్షల రూపాయల పరిహారం ఇమ్మన్నారు.

ఇవేవో ఒకటీ అరా అనుకోకండి. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2000 నుంచి 2015 వరకు కింది కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో చివరిదాకా నిలిచినవి దాదాపు 5 శాతమే. దాదాపు 30 శాతం మంది పూర్తిగా నిర్దోషులుగా బయటికొచ్చారు. కోర్టులు దిద్దుకుంటున్నాయి కదా అంటారు నా పాత సహోద్యోగులు. నిజమే, మనిషి బతికుంటే దిద్దుకుంటాయి. ఇంగ్లండులో తిమోతీ ఇవాన్స్‌ను 1950లో ఉరి తీశారు. మూడేళ్ళకు, అదే ఇంట్లో కింద వాటాలో ఉండి కోర్టులో అతని మీద సాక్ష్యం చెప్పిన క్రిస్టీ వరస హంతకుడని బయటపడింది. ఇవాన్స్‌కు క్షమాభిక్ష 1966లో వచ్చింది. పుచ్చుకోవడానికి ఆయన లేడు.

ప్రశ్న: లా రెండో సంవత్సరం చదువుతున్నాను. అనుమానం ఉంటే నిందితుణ్ణి వదిలేయాలి. లేకపోతే శిక్ష వేయాలి. మరి “మిగిలిన అనుమానం” ఉందని ఉరి బదులు యావజ్జీవం వేయడం ఏమిటి? అనుమానం ఉంటే యావజ్జీవం మాత్రం ఎందుకు? – ఒక విద్యార్థి

జవాబు: బాబూ, మంచి చోట పట్టుకున్నావు. 2014లో అశోక్ దేబ్‌బర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తెచ్చింది. నేరం రుజువైందనడానికి సహేతుకమైన అనుమానం లేకపోతే చాలు, పూర్తి నిశ్చయం అక్కర్లేదు. ఆ రెండింటి మధ్య మిగిలే కాస్త చోటే “మిగిలిన అనుమానం”. జైల్లో పెట్టడానికి అది అడ్డు కాదు, ప్రాణం తీయడానికి మాత్రం అడ్డు. పుస్తకంలో ఇది చక్కగానే ఉంటుంది.

కోర్టు హాల్లో జరిగేది వేరు. కేసు గట్టిగా లేదని జడ్జికి లోపల తెలుస్తుంది. బయట ఊరంతా నిలబడి ఉంటుంది, టీవీ కెమెరాలు ఉంటాయి. వదిలేసే ధైర్యం చాలదు, ఉరి వేయడానికి మనసొప్పదు. యావజ్జీవం రాసి బెంచి దిగుతారు. నా కొడవలి కేసులో జడ్జిగారు ఉరి ఎందుకు వేయలేదో నేనెప్పుడూ అడగలేదు. ఆ వరండా మాట ఆయనకూ వినబడిందేమో అని మాత్రం చాలాసార్లు అనిపించింది.

జపాన్‌లో ఇవావో హకమాడా అనే అతని హత్య కేసు వెతికి చదువు, అందులో అతనే ముద్దాయి. 1968లో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఉరి అన్నారు. మూడో ఆయన కుమామోటో, హకమాడా నేరం చేశాడన్న నమ్మకం లేకపోయినా, తీర్పు రాయాల్సింది ఆయనే కాబట్టి రాశాడు. తర్వాత ఉద్యోగం మానేశాడు. 2007లో గానీ నోరు విప్పలేదు. ముఖ్య సాక్ష్యం మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) తొట్టిలో ఏడాది పైన నానాక దొరికిన బట్టలు. వాటి మీద రక్తం మరకలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి! ఏడాది నానితే నల్లబడాలి కదా అన్న ప్రశ్న తేలడానికి 2024 దాకా పట్టింది. నిర్దోషి అనిపించుకునేనాటికి హకమాడా వయసు 88. నీ ప్రశ్నకు నా జవాబు: అంత అనుమానం ఉంటే వదిలేయాలి. పరీక్షలో మాత్రం సుప్రీంకోర్టు చెప్పిందే రాయి, మార్కులు పోతాయి.

ప్రశ్న: మా తమ్ముణ్ణి చంపినవాడికి యావజ్జీవం పడింది. ఉరి పడాలని ఎదురుచూశాం. మీలాంటివాళ్ళ రాతలు చదివితే కడుపు మండుతుంది. మా వైపు ఎవరూ మాట్లాడరా? పై కోర్టుకు వెళ్ళవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: మీ కోపం న్యాయమైనదే. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళను నేనెన్నిసార్లు సాక్షి బోనుకు పిలిచానో లెక్క లేదు. వాయిదా పడిన ప్రతిసారీ వాళ్ళు కోర్టు మెట్ల మీద కూర్చుని నా వైపు చూసే చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కానీ నిఠారి పిల్లల తల్లిదండ్రుల సంగతి చూడండి. దాదాపు ఇరవై ఏళ్ళకు, ఎవరు చంపారో తెలియకుండానే కేసు ముగిసింది. తప్పు మనిషికి శిక్ష పడితే అన్యాయమైపోయేది మీలాంటి కుటుంబాలే.

ఇక అప్పీలు విషయం. నిందితుణ్ణి వదిలేసినా, తక్కువ నేరం కింద శిక్ష వేసినా, పరిహారం చాలకపోయినా బాధితులు నేరుగా అప్పీలు చేసుకోవచ్చు. 2009 నుంచి ఆ హక్కుంది. శిక్ష పెంచమని మాత్రం మీరు అప్పీలు చేయలేరు, ప్రభుత్వమే చేయాలి. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అడగండి. యావజ్జీవమంటే పద్నాలుగేళ్ళు అనుకుంటున్నారేమో, అది పొరపాటు. శిక్ష బతికున్నంత కాలం. హత్య కేసుల్లో ప్రభుత్వం ముందుగా వదలాలన్నా పద్నాలుగేళ్ళు దాటాకే ఆలోచించాలి.

ఈలోగా ఒక పని చేయండి. తీర్పు కాపీ పట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. మీ తమ్ముడి సంపాదన మీద బతికినవాళ్ళకు బాధితుల పరిహార పథకం కింద డబ్బు వచ్చే వీలుంది. దానికి ఫీజు అడిగితే ఇవ్వకండి. తీర్పులో పరిహారం ఊసు లేకపోయినా దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్ళు ఏమన్నారో నాకు రాయండి.